గేటు లోపల పెట్టిన కారుకు రాంగ్ పార్కింగ్ చలానా వేయొచ్చా?

నిజాంపేట్_నాని
8 నవంబర్ 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ రాయడం ఇదే మొదలు.

నిన్న పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, కారు మీద చలానా పడిందని. ఏ సిగ్నల్ దగ్గర దొరికిపోయానో అనుకుంటూ తెరిచా. రాంగ్ పార్కింగ్ అట. ఫొటో చూస్తే అది మా ఇల్లే! మా నీలం గేటు, గేటు స్తంభానికి అమ్మ కట్టిన నిమ్మకాయలు మిరపకాయలు, వాటి పక్కన నా కారు. ఇండిపెండెంట్ ఇల్లు, అద్దె కూడా కాదు, నాన్న కొన్న స్థలం. ఎక్కడా నో పార్కింగ్ బోర్డు లేదు.

అడగాలనుకున్నది ఒక్కటే. సొంత ఇంట్లో పెట్టుకున్న బండికి చలానా వేసే అధికారం ట్రాఫిక్ వాళ్ళకి ఉందా? డబ్బు పెద్ద లెక్క కాదు. కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని ఆగాను.

---

బుల్లెట్_బాబాయ్
8 నవంబర్, రాత్రి 10:31

తొందరేంటి తమ్ముడూ, కట్టకు. 2023 డిసెంబర్‌లో ఇచ్చారు చూడు, బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గింపు. మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారు. నేను అప్పటిదాకా ఒక్కటీ కట్టను. పదకొండు ఉన్నాయి నా మీద.

---

ఎల్బీనగర్_లక్ష్మి
8 నవంబర్, రాత్రి 10:40

బాబాయ్, నీ పదకొండు తర్వాత మాట్లాడుకుందాం. ఆయన అడిగింది ఏంది, నువ్వు చెప్పేది ఏంది?

---

సెక్షన్_సుబ్బారావు
8 నవంబర్, రాత్రి 11:58

నాని గారూ, హక్కు గురించి అడిగారు కాబట్టి చట్టంలో మాట దగ్గరే మొదలుపెడదాం. ముప్ఫై ఏళ్ళు కోర్టు గుమాస్తాగా చేశాను, లాయర్ని కాను. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

1988 మోటారు వాహనాల చట్టంలో బండిని అడ్డంగానో ప్రమాదంగానో వదిలేయకూడదని చెప్పేది 122వ సెక్షన్. అందులో "పబ్లిక్ ప్లేస్" అన్న మాట ఉంది. పది గంటలకు పైగా వదిలేసిన బండినో, పార్కింగ్ నిషేధం ఉన్నచోట పెట్టిన బండినో లాక్కెళ్ళడానికి, చక్రానికి క్లాంపు బిగించడానికి 127వ సెక్షన్. అక్కడా అదే మాట. జరిమానా మామూలుగా 177 కింద వేస్తారు. 2019 సవరణ తర్వాత అది మొదటిసారికి 500 దాకా, మళ్ళీ చేస్తే 1,500 దాకా పోవచ్చు. కానీ 177 తనంతట తాను ఏ తప్పూ చెప్పదు. చట్టంలో ఇంకో నిబంధన ఏదో మీరితేనే అది పనిచేస్తుంది.

ఇక పబ్లిక్ ప్లేస్ అంటే ఏమిటో 2వ సెక్షన్ 34వ క్లాజులో రాశారు. రోడ్డు, వీధి, దారి, లేదా జనానికి వెళ్ళే హక్కున్న మరే చోటైనా సరే. బస్సు ఆగి మనుషుల్ని ఎక్కించుకునే, దింపే చోటు కూడా అందులోదే. ఆ నిర్వచనం రెండుసార్లు చదివి చూడండి. స్థలం ఎవరి పేరు మీద ఉందని ఎక్కడా అడగదు. జనానికి అక్కడికి వచ్చే హక్కు ఉందా లేదా, అంతే అడుగుతుంది.

మీ ప్రహరీ లోపలికి దారిన పోయేవాడికి వచ్చే హక్కు లేదు. కాబట్టి బండి నిజంగా లోపలే ఉంటే 122 వర్తించదు. "నిజంగా" అన్న మాట కావాలనే రాశాను. ఫొటో పెట్టగలరా? నంబరు ప్లేటు చెరిపి పెట్టండి.

---

ఉక్కునగరం_వాసు
9 నవంబర్, ఉదయం 7:20

సుబ్బారావు గారు చెప్పినదానికి మా వైజాగ్ నుంచే తాజా కేసు ఉంది. స్టీల్ ప్లాంట్ డిస్పాచ్ యార్డులో సరుకు ఎత్తడం, దించడం కాంట్రాక్టు తీసుకున్న ఒక కంపెనీ 36 బండ్లను లోపలే తిప్పుతోంది. రోడ్డెక్కని బండ్లకి పన్నేమిటని అడిగింది. మన 1963 మోటారు వాహనాల పన్నుల చట్టం 3వ సెక్షన్ కూడా పబ్లిక్ ప్లేస్‌లో వాడే, లేదా అక్కడ వాడటానికి ఉంచిన బండి అనే అంటుంది. హైకోర్టులో సింగిల్ జడ్జి సరేనని కట్టిన 22,71,700 రూపాయలు వెనక్కి ఇమ్మన్నారు. డివిజన్ బెంచి కాదంది. మొన్న ఆగస్టు 29న సుప్రీంకోర్టు మళ్ళీ సింగిల్ జడ్జి మాటే నిలబెట్టింది. చుట్టూ గోడ ఉంది, గేట్లలో సీఐఎస్‌ఎఫ్ కాపలా ఉంది, జనానికి వచ్చే హక్కు లేదు కాబట్టి అది పబ్లిక్ ప్లేస్ కాదంది.

మా బావ ఆ ప్లాంట్‌లోనే చేస్తాడు. పాసు మర్చిపోయి వెళ్తే ఇరవై ఏళ్ళుగా తెలిసిన జవాను కూడా లోపలికి పంపడండి. ప్రైవేటు అంటే అలా ఉండాలి!

---

సెక్షన్_సుబ్బారావు
9 నవంబర్, ఉదయం 8:05

మంచి కేసు తెచ్చారు వాసు గారూ. కానీ అది పన్ను కేసు. దాన్ని పట్టుకుని ప్రతి గేటూ స్టీల్ ప్లాంట్ గేటే అనుకుంటే ఇబ్బంది. ఇన్సూరెన్స్ పరిహారం కేసుల్లో కోర్టులు ఇదే మాటను చాలా వెడల్పుగా చదివాయి. స్థలం ప్రైవేటుదే అయినా జనం ఊరికేనో, ఏదో ఒక అదుపుతోనో లోపలికి రాగలిగితే అదీ పబ్లిక్ ప్లేసేనని 1988లోనే బాంబే హైకోర్టు ఫుల్ బెంచి చెప్పింది. దెబ్బ తగిలినవాడికి డబ్బు రావాలన్న దృష్టి అక్కడ. అందుకే హాస్పిటల్ ఆవరణ, షాపింగ్ మాల్, పెట్రోల్ బంకు లాంటి చోట్ల "ఇది ప్రైవేటు" అని వాదించడం కష్టం. ఇంటి ప్రహరీ సంగతి వేరు.

---

నిజాంపేట్_నాని
9 నవంబర్, ఉదయం 9:47

ఫొటో పెట్టాను, చూడండి. కారు గేటులోనే ఉంది. బయట రోడ్డు మీద ఏమీ లేదు.

---

ఎల్బీనగర్_లక్ష్మి
9 నవంబర్, ఉదయం 10:15

అన్నా, ఏమనుకోకు. పెద్దగ చేసి చూసిన. ఎనక టైరు కింద ఇనుప పట్టీ కనవడుతున్నది చూసినవా? అది స్లైడింగ్ గేటు జారే పట్టీ. టైరు సరిగ్గా దాని మీదనే ఉన్నది. అంటే ముందు సగం లోపల, డిక్కీ బయట. గేటు తెరిచే ఉన్నది, ఎందుకంటే మూయనీకి రాదు. డిక్కీ కింద ఉన్నది ర్యాంపు, ర్యాంపు కింద మోరీ. మోరీ మీదున్నది మీ ఇల్లు ఎట్లయితది?

---

బుల్లెట్_బాబాయ్
9 నవంబర్, ఉదయం 10:18

సీఐడీలో ఉండాల్సిన పిల్ల.

---

నిజాంపేట్_నాని
9 నవంబర్, ఉదయం 11:02

సరే, ఒప్పుకుంటా. లోపల ముందర యాక్టివా ఉంటుంది, పక్కన నీళ్ళ డ్రమ్ము. కారు మొత్తం పట్టదు. ఓ మూడడుగులు బయటికి ఉంటుంది, రోజూ. నాలుగేళ్ళుగా అలాగే పెడుతున్నా, ఎవరూ ఏమీ అనలేదు.

అయినా ర్యాంపు మాదే కదండీ? మేమే పోయించుకున్నాం. సిమెంటు, కంకర, కూలీ అంతా మా డబ్బే. మున్సిపాలిటీ రూపాయి పెట్టలేదు.

---

ప్లాన్_తాతయ్య
9 నవంబర్, మధ్యాహ్నం 2:30

బాబూ నానీ, మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్లో చేసి రిటైర్ అయినవాణ్ణి. ఈ ర్యాంపు మాట వినీ వినీ చెవులు అరిగిపోయాయి నాకు.

మీ నాన్నగారి సేల్ డీడ్ తియ్యి. షెడ్యూల్లో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. ఏదో ఒక వైపు "30 అడుగుల రోడ్డు" అనో "40 అడుగుల రోడ్డు" అనో ఉంటుంది. ఆ రోడ్డు ఎక్కడ మొదలవుతుందనుకుంటున్నావు? తారు వేసిన చోట కాదు. మోరీ దగ్గరా కాదు. మీ ప్రహరీ గోడ బయటి అంచు దగ్గర. మోరీ, దాని పక్క మట్టి, దాని మీద నువ్వు పోయించిన ర్యాంపు, జామచెట్టు నాటుకున్న ఆ రెండడుగుల తోట, అన్నీ ఆ ముప్ఫై అడుగుల్లోవే. లేఅవుట్ మంజూరు చేయించుకున్నప్పుడే ఆ రోడ్లన్నీ రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చేస్తారు. నువ్వు డబ్బు పెట్టి సర్కారు రోడ్డు మీద సిమెంటు పోశావు, అంతే. దానికి పట్టా రాదు.

టేపు పట్టుకుని కొలిచి చూడు. మా కాలనీలో ఓసారి కొలిచాం. కాగితం మీద ముప్ఫై, అటొక ర్యాంపు ఇటొక ర్యాంపు పోగా మిగిలింది పంతొమ్మిది. అందులో రెండు వైపులా కార్లు.

గేటు పెట్టుకున్న కాలనీల వాళ్ళకీ ఇదే భ్రమ. వీధి మొదట్లో ఇనుప గేటు, వాచ్‌మన్, "ఇతరులకు ప్రవేశం లేదు" అని బోర్డు. లోపలి రోడ్లు గిఫ్ట్ డీడ్‌లో పోయినవే అయితే ఆ గేటుకు విలువ లేదు. 2024లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక ఇలా రోడ్లకు అడ్డం కట్టిన గోడలు ఎన్ని కూలాయో పేపర్లో చదివే ఉంటారు. అలాంటి కాలనీలో అడ్డంగా పెట్టిన బండికి పోలీసు నిక్షేపంగా చలానా వేయొచ్చు. ఒకే ప్లాటుగా మంజూరై, రోడ్లూ పార్కూ అసోసియేషన్ చేతిలోనే ఉన్న అసలైన గేటెడ్ కమ్యూనిటీ వేరు. మీది ఏదో తెలియాలంటే బిల్డర్ మాట కాదు, మంజూరైన ప్లాను చూడాలి.

---

సెల్లార్_సునీత
9 నవంబర్, సాయంత్రం 5:10

నా బాధ దీనికి తిరగేసింది. మాది అపార్ట్‌మెంట్. కింద స్టిల్ట్‌లో, అంటే పిల్లర్ల మధ్య పార్కింగ్‌లో, నా కారు వెనకాలే ఒకాయన తన కారు అడ్డం పెట్టి ఊరెళ్ళిపోయాడు, హ్యాండ్‌బ్రేక్ వేసి మరీ. మా నాన్నకి డయాలసిస్ రోజు. 100కి ఫోన్ చేస్తే ఇద్దరు వచ్చారు, పాపం మర్యాదగానే మాట్లాడారు. ఆయనకి ఫోన్ చేసి అరిచారు కూడా. చలానా వేయండి, బండి లాక్కెళ్ళండి అంటే మాత్రం "ఇది మీ అపార్ట్‌మెంట్ లోపల మేడం, మా మిషన్‌లో రాదు" అన్నారు. ఆఖరికి ఆటోలో తీసుకెళ్ళా. నాని గారికి ఇంటి ముందే వేస్తారు, నాకు అడిగినా వేయరు!

---

సెక్షన్_సుబ్బారావు
9 నవంబర్, సాయంత్రం 6:44

అమ్మా సునీతా, ఆ పోలీసులు చెప్పింది సబబే. మీ స్టిల్ట్ పబ్లిక్ ప్లేస్ కాదు. అక్కడ 122, 127 పనిచేయవు. బండి దొంగదని అనుమానం ఉంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు. యాక్సిడెంట్ చేసి వచ్చిన బండి అయితే మోటారు వాహనాల చట్టం 136 కింద అధికారం ఉన్నవాళ్ళు ఆవరణలోకి వచ్చి తనిఖీ చేయొచ్చు. అడ్డం పెట్టినందుకు మాత్రం చలానా లేదు. మీ దారి అసోసియేషనే. బైలాల్లో పార్కింగ్ గురించి ఏముందో చూడండి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, జరిమానా రాసి ఉంటే వేయమనండి. వినకపోతే సివిల్ కోర్టు.

---

గచ్చిబౌలి_గోపి
9 నవంబర్, రాత్రి 7:30

మా అసోసియేషన్ వాళ్ళు క్లాంపు కొన్నారు. పసుపు రంగుది. గెస్ట్ పార్కింగ్‌లో పెడితే బిగించేస్తారు, 1,000 కడితేనే తీస్తారు. సెక్రటరీ గారికి ఆ తాళంచెవి చేతిలోకొచ్చాక నడకే మారిపోయింది.

---

సెక్షన్_సుబ్బారావు
9 నవంబర్, రాత్రి 7:52

127వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి. అసోసియేషన్ సెక్రటరీకి కాదు. ఎవరైనా కోర్టుకెళ్తే ఆ పసుపు క్లాంపుకు ఆధారం చూపించడం ఆయనకు కష్టమే.

---

ఫ్రీమాంట్_ఫణి
9 నవంబర్, రాత్రి 11:40

ఇక్కడ కాలిఫోర్నియాలో నాని గారి లాంటి కథే నాకు జరిగింది కాబట్టి రాస్తున్నా. సొంత ఇల్లు, సొంత డ్రైవ్‌వే. మా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు మూడో కారు అద్దెకు తీసుకున్నాం. దాని బంపర్ కాలిబాట మీదికి వచ్చింది. తెల్లారేసరికి అద్దానికి టికెట్! వెహికల్ కోడ్ 22500(ఎఫ్), కాలిబాటకు అడ్డం. వీల్‌చెయిర్ వాళ్ళు రోడ్డెక్కి తిరిగి రావాలి కదా అన్నది వాళ్ళ మాట. "ఇది నా ఇల్లు" అంటే ఎవరూ వినరు.

దుకాణాల పార్కింగ్ ప్రైవేటుదే అయినా వికలాంగుల స్లాట్‌లో పెడితే పోలీసు వచ్చి టికెట్ రాస్తాడు. అపార్ట్‌మెంట్‌లో పక్కవాడి స్లాట్‌లో పెడితే మాత్రం పోలీసు రాడు, మేనేజర్ పిలిచిన టో ట్రక్ వస్తుంది. సునీత గారికి కావాల్సింది అదే అనుకుంటా.

---

ట్రాఫిక్_గారి_అల్లుడు
10 నవంబర్, ఉదయం 6:55

మా మామగారు ట్రాఫిక్‌లోనే చేసి దిగిపోయారు. ఈ థ్రెడ్ చదివి వినిపిస్తే ఒకటే మాట అన్నారు: "గల్లీలోకి మేం ఊరికే పోం. ఎవరో ఒకరు పిలుస్తారు." సాధారణంగా ఎదురింటివాళ్ళు. నాని గారూ, ఎదురింటాయనతో ఈ మధ్య ఏమైనా అయిందా?

ఇంకోటి కూడా చెప్పారు. ఫొటో తీసేవాడు రోడ్డు మీద నిలబడి తీస్తాడు, కొలతలు తీయడు. అందుకే నిజంగా లోపలున్న బండికి కూడా పొరపాటున పడుతుంది. అప్పుడు దెబ్బలాడకుండా ఫొటో ప్రింటు తీసుకుని స్టేషన్‌కు వెళ్ళమన్నారు.

---

మూడో_పిల్లర్
10 నవంబర్, ఉదయం 8:20

పైన అల్లుడు గారు చెప్పింది నాకు జరిగింది. మాది మెయిన్ రోడ్డును ఆనుకున్న అపార్ట్‌మెంట్. స్టిల్ట్‌లో పెట్టిన బైకుకు చలానా. ఫొటోలో బైకు వెనకాల పిల్లరు, దాని మీద ఎర్ర పెయింటుతో "3" అని నంబరు, పైన సీలింగు ఫ్యాను లాంటి లైటు అన్నీ కనిపిస్తున్నాయి. ఈ-చలానా సైట్‌లో ఫిర్యాదు పెట్టా, ఉలుకూ పలుకూ లేదు. స్టేషన్‌కు వెళ్ళి మా పిల్లరు ఫొటో, అలాట్‌మెంట్ కాగితం చూపిస్తే ఎస్సై గారు నవ్వి, రాసి ఇవ్వమన్నారు. రెండు వారాల్లో తీసేశారు. గొడవ పడి ఉంటే తీసేవారు కాదేమో.

---

కోచింగ్_డాడీ
10 నవంబర్, ఉదయం 9:05

అయితే సెల్లార్ పబ్లిక్ ప్లేస్ కాదు కాబట్టి మా పదిహేనేళ్ళ వాడికి అక్కడే కారు నేర్పించొచ్చన్నమాట. లైసెన్స్ గొడవ లేదు!

---

ఎల్బీనగర్_లక్ష్మి
10 నవంబర్, ఉదయం 9:21

సార్, వద్దు. 2023 మేలో మా ఈ పక్కనే హయత్‌నగర్‌ల ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ల పడుకోబెట్టిన మూడేండ్ల పాప మీదికెల్లి కారు పోయింది. నడిపింది పెద్దోళ్ళే. తల్లి పనికి వచ్చి, ఎండ తగలకుండ అక్కడ పండవెట్టింది. నేను ఇప్పటికీ సెల్లార్‌ల బండి తీసేముందు దిగి ముందర చూస్త.

---

సెక్షన్_సుబ్బారావు
10 నవంబర్, ఉదయం 9:50

చట్టపరంగా కూడా ప్రమాదమే, డాడీ గారూ. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పెట్టే కేసుకు పబ్లిక్ ప్లేస్ అక్కర్లేదు. ఇదివరకు ఐపీసీ 304ఏ, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 106. ఇంకొందరికి ఇంకో అనుమానం రావచ్చు కాబట్టి అదీ చెప్పేస్తాను. తాగి నడపడం గురించిన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లోనూ పబ్లిక్ ప్లేస్ అన్న మాట లేదు.

---

నిజాంపేట్_నాని
15 నవంబర్, రాత్రి 9:30

అప్‌డేట్. ముందు సేల్ డీడ్ తీశాం. "దక్షిణం: 30 అడుగుల రోడ్డు" అని ఉంది. నాన్నా నేనూ టేపు పెట్టి కొలిచాం. ప్లాన్_తాతయ్య గారు చెప్పినట్టే రోడ్డు మా గోడ దగ్గర్నుంచే లెక్క. ఎదురింటి గోడ దాకా కొలిస్తే 29 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. ఆ నాలుగంగుళాలు ఎవరు తిన్నారని నాన్న ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.

శనివారం కదా అని ఇవాళ స్టేషన్‌కు వెళ్ళా. ఎస్సై గారు కంప్యూటర్లో ఫొటో పెద్దది చేసి, లక్ష్మి గారు చూపించిన ఆ ఇనుప పట్టీ మీదే వేలు పెట్టారు. నాకు నవ్వొచ్చింది. పిలిచింది ఎవరో చెప్పలేదు గానీ, చెత్త ఆటో మలుపు తిరగలేక రోజూ రివర్స్‌లో పోతోందని ఫిర్యాదు వచ్చిందట. ఆ ఆటో హారన్ నేనూ రోజూ వింటున్నా. ఎవరి కోసమో కొడుతున్నాడనుకున్నా.

కట్టేశాను. నీళ్ళ డ్రమ్ము మేడ మీదికి ఎక్కించాం, యాక్టివా మెట్ల కిందికి పోయింది. ఇప్పుడు గేటు మూస్తే బంపర్‌కీ గేటుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. అమ్మ రోజూ రాత్రి వచ్చి చెయ్యి పెట్టి చూసి వెళ్తోంది.

---

బుల్లెట్_బాబాయ్
15 నవంబర్, రాత్రి 9:41

కట్టేశావా! డిస్కౌంట్ దాకా ఆగమన్నానా లేదా?

---

సెల్లార్_సునీత
15 నవంబర్, రాత్రి 10:03

నాని గారూ సంతోషం. మా దగ్గర అసోసియేషన్ మీటింగ్ రేపు. అజెండాలో పార్కింగ్ ఏడో అంశం. మొదటిది దసరా చందా లెక్కలు.